పదడుగుల పెదనాన్న

బోర్డు మీద ‘సులువైన నడక’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. కింద చిన్న అక్షరాలతో ‘పిల్లలు, పెద్దవాళ్లు కూడా నడవవచ్చు. తెల్లరాళ్లకు ఇవతలే ఉండండి’ అని. ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. సులువట. ఆ సులువు కోసం మా ఇంట్లో ఒక మోకాలు పోయింది, ఒక ప్రాణం పోయింది. నడిచేవాళ్లకు ఇవేవీ తెలియవు. చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో నడుస్తారు, కొండెక్కి గాలి పీల్చుకుంటారు, పాడుబడ్డ కోటలో ఫొటోలు దిగి వెళ్లిపోతారు. కోట గుమ్మం పక్కన టికెట్ల కిటికీలో కూర్చునేది నేనే కాబట్టి వాళ్ల మొహాలు రోజూ చూస్తాను. ‘ఇంతేనా, ఇంకా కష్టంగా ఉంటుందనుకున్నాం’ అంటారు కొందరు. చిల్లర వాళ్ల మొహాన కొట్టాలనిపిస్తుంది గానీ, ఉద్యోగం కదా, చేతిలోనే పెడతాను.

దారి పడవల రేవు దగ్గర మొదలవుతుంది. మొదటి అరగంట ఇసుక మీద నడక. తరవాత రాతిమెట్లు ఎక్కితే కొండ పైకి వస్తాం. అక్కణ్నుంచి కోట దాకా దారి కొండ అంచు వెంబడే సాగుతుంది. కొండ పైన ఎర్రమట్టి, అడుగున మెత్తటి రాయి. కెరటాలు అడుగు రాయిని తొలుచుకుంటూ పోతాయి, పైన గడ్డి మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చగా ఉంటుంది. ఉన్నట్టుండి ఒకరోజు మంచమంత ముక్క, ఒక్కోసారి గదంత ముక్క, గడ్డితో సహా కిందికి పోతుంది. ఆ చప్పుడు కోటలో కూర్చున్నా అరికాళ్లకు తెలుస్తుంది.

ఆ అంచుకు పదడుగులు ఇవతల తెల్లరాళ్లు పెట్టడం, అంచు విరిగినప్పుడల్లా వాటిని వెనక్కి జరపడం, వానకు సున్నం కొట్టుకుపోతే మళ్లీ పూయడం మా పెదనాన్న పని. మొత్తం రెండువందల పద్నాలుగు రాళ్లు. ఆయనకు ముందు ఆ పని చేసిన ముసలాయన నలభై ఏళ్లు చూసి తేల్చిన లెక్క అది. ఎంత పెద్ద ముక్క విరిగినా మనిషి వేసే ఎనిమిది అడుగులకు మించి లోపలికి రాదు, ఇంకో రెండు కలిపితే పది. పెదనాన్న అంచు దాకా పొట్ట మీద పాక్కుంటూ వెళ్లి, కిందికి తొంగి చూసి, లేచి, సముద్రానికి వీపు పెట్టి, పైకి లెక్కపెడుతూ పదడుగులు వేసేవాడు. పదో అడుగు పడ్డచోట రాయి దించేవాడు. లెక్కలో ఉన్నప్పుడు ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. అందుకే రేవులో అందరూ ఆయన్ని ‘పదడుగులు’ అనేవారు. ‘పదడుగులు వచ్చాడా?’, ‘పదడుగులుకి ఒక టీ ఇయ్యి’. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడేది కాదు.

ఆయనకు కోపం ముక్కు మీదే ఉండేది. రాళ్లు దాటిన మనిషిని అరిచి పిలిచేవాడు కాదు. అరిస్తే మనిషి ఉలిక్కిపడి వెనక్కి అడుగేస్తాడు, వెనకాల ఏముంది? అందుకని పిల్లిలా వెళ్లి, కాలరు పట్టుకుని ఇవతలికి ఈడ్చి, అప్పుడు లెంపకాయ ఇచ్చుకునేవాడు. ముందు ఈడ్చడం, తరవాత కొట్టడం. ఆ వరస ఎప్పుడూ తప్పలేదు. ఒకసారి ఒక లావుపాటి వకీలు భార్యను ఫొటో తీస్తూ వెనక్కి వెనక్కి నడిచి రాళ్లు దాటాడు. పెదనాన్న కొట్టిన దెబ్బకు ఆయన కళ్లజోడు నా టికెట్ల కిటికీ దాకా ఎగిరొచ్చిందని రేవులో చెప్పుకుంటారు. అంత కాదు గానీ, పది గజాలు పోయింది, ఏరి ఇచ్చింది నేనే. వకీలు ఫిర్యాదు పెట్టాడు. మూడో రోజు ఆయన నిలబడ్డ చోటే కొండ విరిగింది. వారం తరవాత వకీలు ఒంటరిగా వచ్చి ఆ ఖాళీని చాలాసేపు చూసి వెళ్లబోతుంటే, పెదనాన్న సున్నం పూస్తూ తలెత్తకుండా, "ఇంకో చెంప మిగిలే ఉంది బాబూ, మళ్లీ ఎప్పుడైనా రండి," అన్నాడు. ఫిర్యాదు వెనక్కి పోయింది.

దారిని చూసుకునే ఆఫీసులో ఆయన మీద అలాంటి కాగితాలు గుట్టగా పడుండేవి. తీసేద్దామని ప్రతి ఆఫీసరూ అనుకునేవాడు. కానీ ఆయన చేరాక ఇరవై ఆరేళ్లలో ఒక్క మనిషి కూడా ఆ కొండ మీంచి పడలేదు. ఆ మాట ఆయనకు పతకం లాంటిది. పొద్దున్నే బయల్దేరేటప్పుడు, "ఇవాళ కూడా ఎవణ్నీ పోనివ్వను," అని తనలో తను గొణుక్కునేవాడు.

మా నాన్న ఆయనకు తమ్ముడు. తాతా నాయనమ్మా పోయేనాటికి నాన్నకు ఆరేళ్లు, పెదనాన్నకు పద్దెనిమిది. పెళ్లి మాటెత్తితే, "చిన్నోడున్నాడుగా, వాడికి అన్నం పెట్టనీ ముందు," అనేవాడట. ఆ ముందు ఎప్పటికీ పూర్తి కాలేదు. పొద్దున్నే ఇసుకలో అన్న ముందు నడిస్తే, తమ్ముడు ఆ గుర్తుల్లోనే కాళ్లు పెడుతూ వెనక గెంతేవాడు. అలా సాగదీసుకుని సాగదీసుకుని నాన్నకు పెద్దయ్యాక కూడా అదే అంగ పడిపోయింది. ఇద్దరూ పక్కపక్కన నడుస్తుంటే అడుగులు ఒకేసారి పడేవి. వాళ్లతో సమానంగా వెళ్లాలంటే వాళ్ల పదికి నాకు పన్నెండు పట్టేవి. నేను చిన్నపిల్లనేం కాదు, అప్పటికే ఉద్యోగం చేస్తున్నాను. వాళ్లవి అంత అంగలు.

నాన్న రాళ్లు చెక్కే పనివాడు. చేతిలో పనితనం ఉంది, ఒంట్లో బద్ధకమూ ఉంది. కొత్త రాయి చెక్కే కంటే వందల ఏళ్ల కిందట ఎవరో చెక్కిపెట్టిన రాయిని ఊడబెరకడం తేలిక. కోట గోడ రాళ్లకు ఇళ్లు కట్టేవాళ్ల దగ్గర మంచి గిరాకీ కూడా ఉండేది. పెదనాన్న ఒకసారి చెప్పాడు, రెండుసార్లు చెప్పాడు. నాన్న నీళ్లు నమిలి, నాలుగు రోజులు ఆగి, మళ్లీ గునపం పట్టుకుని వచ్చేవాడు.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం. నడిచేవాళ్లు ఎవరూ లేరు. నా కిటికీలోంచి చూస్తే ఎదురుగా కోట పడమటి గోడ. నాన్న, ఇద్దరు కూలీలు కింది వరస రాయిని కదుపుతున్నారు. పెదనాన్న సున్నం డబ్బాతో వచ్చి నిలబడ్డాడు.

"ఇది తీస్తే పైగోడంతా దారి మీదికొస్తుందిరా. పోయేవాడెవడో చస్తాడు," అన్నాడు.

"పొద్దస్తమానం నీ దారి గోలేనా? నాకు ఇల్లుంది, పెళ్లాం పిల్లలున్నారు. నీకేముంది, రాళ్లకి సున్నం పూసుకోడం తప్ప?" అన్నాడు నాన్న.

ఆ మాట ఎవరు అన్నా పెదనాన్న ఊరుకునేవాడేమో. తన నోటి ముద్ద పెట్టి పెంచినవాడు అన్నాడు. లాగి ఒక్కటిచ్చాడు. కూలీలు పక్కకు తిరిగి నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. నాన్న మొహం ఎర్రబడి, చేతిలో ఉన్న గునపాన్ని అడ్డంగా తిప్పి అన్న మోకాలి మీద కొట్టాడు. ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. పెదనాన్న కూలబడ్డాడు. మోకాలు వంగకూడని వైపు వంగి ఉండటం చూసుకుని, మళ్లీ నాన్న మొహంలోకి చూశాడు. అప్పుడు నాన్న గునపం వదిలేసి, గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు.

రాళ్లు తోసే బండి మీదే ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చింది, బండి అంతా రక్తం. ఎలా తగిలిందని డాక్టరు అడిగాడు, తరవాత పోలీసూ వచ్చి అడిగాడు. "మెట్ల మీంచి జారాను," అన్నాడు పెదనాన్న రెండుసార్లూ. కన్నతండ్రి అయితే మాత్రం, చూసింది చూసినట్టు చెప్పేద్దామని నోరు తెరిచాను. మంచం మీంచి నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. నా వేళ్లు రెండు రోజులు వాచి ఉన్నాయి.

అయిదు నెలలు మంచంలో ఉన్నాడు. అన్నదమ్ములకు మాటల్లేవు. నాన్న కోట వైపు మళ్లీ వెళ్లలేదు, గునపం ఎవరికో ఇచ్చేశాడు. రోజూ పొద్దున్నే పాల సీసా తీసుకెళ్లి అన్న గుమ్మం ముందు పెట్టి, తలుపు కొట్టకుండా వచ్చేసేవాడు. పెదనాన్న ఆ పాలు పిల్లికి పోసేవాడు. ఆ పిల్లి ఎంత బలిసిందో చూడటానికి రేవు నుంచి జనం వచ్చేవారు. అమ్మ మాత్రం నవ్వలేదు. "బావగారు చేసినదంతా మీరు ఒక్క దెబ్బతో తీర్చేశారు," అని నాన్నను వాతలు పెట్టినట్టు అనేది. నాన్న పళ్లెంలోకి చూస్తూ కూర్చునేవాడు.

పెదనాన్న కుంటుతూ మళ్లీ పనిలోకి వచ్చాడు. అప్పటికి తుపాన్ల కాలం పోయింది. ఆయన లేని నెలల్లో అంచు చాలాచోట్ల విరిగింది. ఆఫీసు వాళ్లు దారి మూసేసి కూర్చున్నారు. కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ మంచిది, ఆయన చేతిలో ఒక కొలత టేపు పెట్టింది.

"దీంతో కొలిచి పెట్టండి పెద్దాయనా. కాలు బాగాలేదు కదా," అంది.

"కాలు బాగాలేకపోతే నడక నెమ్మదవుతుందమ్మా. లెక్క ఎందుకు మారుతుంది? పదంటే పదే," అన్నాడు పెదనాన్న.

ఆ టేపు ఆయన గదిలో మేకుకు వేలాడుతూ ఉప్పుగాలికి తుప్పు పట్టింది. ఆయన రెండువందల పద్నాలుగు రాళ్లూ మళ్లీ పేర్చాడు. పొట్ట మీద పాకడం, లేవడం, వీపు తిప్పడం, పది లెక్కపెట్టడం. నలభై రోజుల పని. విరిగిన కాలితో అంత పని చేసినందుకు ఆఫీసరమ్మ అందరి ముందూ చప్పట్లు కొట్టింది. దారి తెరిచారు. బోర్డు తుడిచారు.

తరవాత ఒక సాయంత్రం కిటికీ మూసి ఇంటికి నడుస్తున్నాను. దారి మధ్యలో సముద్రం చప్పుడు ఉండాల్సిన దానికంటే దగ్గరగా వినిపించింది. గాలి వల్ల అనుకున్నాను, కానీ గాలి లేదు. ఏదో అనుమానం పీకింది. ఆయన చేసినట్టే అంచు దాకా పాకి, లేచి, వీపు తిప్పి, రాయి దాకా లెక్కపెట్టాను. పన్నెండు రావాలి. తొమ్మిది వచ్చాయి. తప్పు లెక్కపెట్టాననుకుని పక్క రాయి దగ్గర చూశాను. తొమ్మిది. ఆ పక్కదీ తొమ్మిదే.

ఆయన తప్పు లెక్కపెట్టలేదు, పదీ వేశాడు. కుంటికాలు వేసే అడుగు సగం అడుగని ఆయనకు తెలియలేదు, అంతే. ఎవరికి మాత్రం తన అడుగు పొట్టిదైందని తెలుస్తుంది? నా అడుగుల్లో మూడు అడుగుల భూమి, ఆ చివర నుంచి ఈ చివర దాకా, మా నాన్న గునపం దెబ్బకు తగ్గిపోయింది. దాని పక్కన రోజూ పసిపిల్లలు పరుగెడుతున్నారు.

చెప్పాలనే మర్నాడు ఆయన దగ్గరికి వెళ్లాను. చెడిన కాలు బారజాపి కూర్చుని సున్నం పూస్తున్నాడు. ఏడాదిలో మొదటిసారి ఈల వేస్తున్నాడు.

"ఎలా ఉన్నారే మన పిల్లలు? తిన్నగా నిలబడ్డారా?" అని రాళ్ల వైపు చూపించాడు.

"తిన్నగానే ఉన్నారు పెదనాన్నా," అన్నాను. అంత నోరున్న దాన్ని, ఆ ఒక్కచోట మూగదాన్నయ్యాను. ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ సాయంత్రం నాన్నకు చెప్పాను. చెప్పడం కాదు, విసిరికొట్టాను. "నువ్వు విరగ్గొట్టింది మోకాలొక్కటే అనుకుంటున్నావేమో, కొండంతా విరగ్గొట్టావు," అన్నాను. ఆయన మొత్తం విన్నాడు.

"అన్నయ్యకి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. ఆ అడుగులు తప్పాయని తెలిస్తే ఆయన ఇంక లేవడు. నేను సర్దేస్తా. పొద్దున్నే వెళ్లి, ఆయన వచ్చేలోగా రోజుకి కొన్ని జరిపేస్తా. నా అడుగూ ఆయన అడుగూ ఒకటేగా."

నిజం చెబుతున్నాను, నాకది హాయిగా తోచింది. చేదుమాట చెప్పే పని తప్పింది కదా అనుకున్నాను. నాన్న మర్నాడు తెల్లవారగానే కోట వైపు నుంచి మొదలుపెట్టాడు. పెదనాన్న రేవు వైపు నుంచి వస్తాడు కాబట్టి ఎదురుపడరని ఆయన ఎత్తు. నాలుగు పొద్దుల్లో ముప్ఫయ్యొక్క రాళ్లు జరిపాడు. ఒక్కోటి పొట్టకు ఆనించుకుని మోసేవాడు. నడుం పట్టేసినా ఇన్ని నెలల తరవాత ఆయన మొహంలో కాస్త వెలుగు చూశాను.

రాయి జరిపిన చోట గడ్డి పాలిపోయి గుండ్రంగా మచ్చ ఉంటుంది. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు, నాకూ నాన్నకూ. నాలుగో సాయంత్రం పెదనాన్న కోట దాకా వచ్చి ఆ మచ్చలు చూశాడు. అయిదో పొద్దున ఆయన కూడా తెల్లవారగానే వచ్చాడు.

నేను కిటికీ తెరుస్తున్నాను. దూరంగా దారి వంపులో నాన్న ఒక రాయి ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. ఆయన మీదికి పెదనాన్న సున్నం కుంచె కర్ర పట్టుకుని వస్తున్నాడు. నేను తాళాలు పారేసి పరుగెత్తాను. పరుగెడుతూనే అంతా విన్నాను, గాలి ఇటే ఉంది.

"కోట అయిపోయింది, ఇంక నా రాళ్లు కూడా అమ్ముకుంటావా?"

"అన్నయ్యా, అది కాదు. ఒక్కసారి నడిచి చూడు."

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది చెవి మీద. చెవి చీలి రక్తం తెల్లరాయి మీద కారింది. నాన్న చేతులు రెండూ రాయి కింద ఉన్నాయి. దాన్ని పడేసి కర్ర పట్టుకోవచ్చు, ఆయన ఒంట్లో ఆ బలం ఉంది. పట్టుకోలేదు. ఒకసారి ఎత్తిన చెయ్యి మళ్లీ ఎత్తనని ఒట్టేసుకున్నట్టు నిలబడ్డాడు. ఆ నిలబడటం చూసి పెదనాన్నకు ఇంకా పిచ్చెక్కింది. మొహం మీద, మెడ మీద, వేళ్ల మీద కొట్టాడు. ఇన్ని నెలల మోకాలి నొప్పి, పిల్లికి పోసిన పాలు, ఆ కూలీల నవ్వు, అన్నీ ఆ కర్రలోకి వచ్చాయి. నాన్న వెనక్కి అడుగేశాడు, రాళ్ల వరస దాటాడు. జన్మలో మొదటిసారి పెదనాన్న ఒక మనిషిని రాళ్ల అవతలికి కొట్టుకుంటూ తీసుకెళ్లాడు.

"అన్నయ్యా, ఇక్కడ పది లేవు," అన్నాడు నాన్న. నోట్లో రక్తంతో అన్నాడు.

నాన్న ఒకటి, రెండు, మూడు, నాలుగు అడుగులు వెనక్కి వేశాడు. నేను ముప్ఫై గజాల దూరంలో ఉన్నాను. గడ్డి మీద గీత పడటం చూశాను, ఎవరో కత్తితో కోసినట్టు, ఇద్దరి మధ్యా. అయిదడుగుల వెడల్పున నేల నాన్నతో సహా కిందికి దిగింది. రాయి ఇంకా చేతుల్లోనే ఉంది. పెదనాన్న కర్ర పారేసి కాలరు కోసం చెయ్యి చాపాడు. ఆ చెయ్యి నాకు కనిపించింది. దానికి ఏమీ అందలేదు.

కోట వెనక పాతమెట్ల మీంచి కిందికి దిగాం. ఆయన చెడ్డకాలితో కూర్చుని జారుతూ వచ్చాడు, అరచేతులు చీరుకుపోయాయి. నాన్న ఎర్రమట్టి పక్కన నీళ్లలో వెల్లకిలా ఉన్నాడు. తల వెనక భాగం లేదు. పెదనాన్న నడుములోతు నీళ్లలోకి వెళ్లి, కాలరు పట్టుకుని ఒడ్డుకు ఈడ్చాడు. ఇసుక మీద పడుకోబెట్టి, చెంప మీద కొట్టాడు. "లేవరా చిన్నోడా." ఇంకో చెంప మీద కొట్టాడు. "లేవమంటుంటే." చాలాసార్లు కొట్టాడు. నేను వెళ్లి ఆ చేతులు పట్టుకునేదాకా కొడుతూనే ఉన్నాడు.

పోలీసులు వచ్చారు. "నేనే కొట్టాను. రాళ్ల అవతలికి తోలింది నేనే. రాసుకోండి," అన్నాడు పెదనాన్న. వాళ్లు అంచు చూశారు, విరిగిన మట్టి చూశారు, ప్రమాదమని రాసుకున్నారు. మోకాలప్పుడు అబద్ధం చెబితే రాసుకున్నారు, ఇప్పుడు నిజం చెబితే రాసుకోలేదు. ఆయన ఒక పోలీసాయన చొక్కా పట్టుకుని అడిగాడు. "నాలుగడుగులే వేశాడయ్యా. నేను లెక్కపెడుతూనే ఉన్నా. ఇంకా ఆరున్నాయి. ఇంకో రెండు వేశాక వాణ్ని ఇవతలికి ఈడుద్దామనుకున్నా. ఆరడుగులుండగా ఎలా పోతాడు?" ముసలాయనకు మతి చలించిందని పోలీసాయన ఆ చెయ్యి విడిపించుకున్నాడు. అక్కడున్నవాళ్లలో ఆ ప్రశ్నకు జవాబు తెలిసింది నాకొక్కదానికే.

వారం రోజులు మా ఇంటి అరుగు మీద కూర్చుని అదే ప్రశ్న. అమ్మను అడిగాడు, రేవులో అడిగాడు, పిల్లిని కూడా అడిగాడు. "ఆరుండాలి కదా?" అమ్మ తలుపు వేసుకునేది. ఎనిమిదో రోజు నేను ఆయన్ని లేపి కొండ మీదికి తీసుకెళ్లాను. కోట పక్కన నాన్న జరిపిన రాళ్ల దగ్గర నిలబెట్టాను.

"అంచు నుంచి దీని దాకా నడువు పెదనాన్నా."

ఆయన పాకి, లేచి, వీపు తిప్పి లెక్కపెట్టాడు. పదమూడు వచ్చాయి. నా వంక చూశాడు. పక్క రాయి దగ్గర నడిచాడు. పదమూడు. ఆ పక్కదీ పదమూడు. అయిదో రాయి దగ్గర ఆగిపోయాడు.

"దొంగ అయితే ఇంత వరసగా పెట్టడు," అన్నాడు.

తరవాత తను పెట్టిన రాళ్ల వైపు చూశాడు. తన మోకాలి వైపు చూసుకున్నాడు. రెంటినీ కలుపుకోడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు. అంచు వైపు అడుగేస్తాడేమోనని నేను ఆయన చొక్కా అంచు పట్టుకున్నాను.

"వాడికి ఎవరు చెప్పారు?"

"నేనే."

"నాకెందుకు చెప్పలేదు?"

చెయ్యి సాచి ఒక్కటి కొట్టాడు. చెవిలో హోరు పుట్టింది, పెదవి పగిలింది. ఆ చేత్తో ఆయన ఎంతమందిని కొట్టాడో నాకు తెలుసు. వాళ్లందరిలో ఆ దెబ్బ తినాల్సినదాన్ని నేనే, అందుకే చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కొట్టాక ఆయన కింద కూలబడి, నేలకు నుదురు ఆనించి ఏడ్చాడు. నేను అలాగే నిలబడి రక్తం మింగాను.

చాలాసేపటికి లేచాడు. దారి పక్కన వదిలేసి ఉన్న సున్నం డబ్బా తన వైపు లాక్కుని, తను పెట్టిన మొదటి రాయి దగ్గర అంచు వైపు చెయ్యి చూపించాడు.

"నువ్వు నడు. నీవి పన్నెండు."

నేను పొట్ట మీద పాకి, కిందికి తొంగి చూశాను. చాలా దూరాన ఎర్రమట్టి కుప్పను నీళ్లు కొంచెం కొంచెంగా తీసుకుపోతున్నాయి. లేచి వీపు తిప్పి, పైకి లెక్కపెడుతూ నడిచాను. పన్నెండో అడుగు పడ్డచోట ఆయన వంగి రాయి దించాడు. నాన్నతో పోయినదాని బదులు ఒక కొత్త రాయి తెచ్చి, మిగిలిన నూట ఎనభై మూడు చోట్లా రాళ్లు పెట్టడానికి మా ఇద్దరికీ పదహారు రోజులు పట్టింది. ఆ తరవాత రేవులో ఎవరు ‘పదడుగులూ’ అని పిలిచినా ఆయన తల తిప్పడం మానేశాడు.